లాంగ్ టూర్ సైకిలుకి డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి?

శ్రీశైలం నుంచి దోర్నాల వైపు నల్లమల అడవిలో వస్తున్నాను. దోర్నాల ఇంకా పన్నెండు కిలోమీటర్లుందనగా వెనక చక్రంలోంచి టింగుమని ఒక చప్పుడు వచ్చింది. నాలుగు గజాలు వెళ్లేసరికి చక్రం అటూ ఇటూ ఊగుతూ బ్రేకు రబ్బరుకి రాసుకోవడం మొదలైంది. దిగి చూస్తే స్పోకు విరిగింది, అదీ చైను ఉన్న వైపు. బ్రేకు వదులు చేసుకుని నెమ్మదిగా ఊరు చేరాను. సైకిలు షాపు తాత చక్రం తిప్పి చూసి, "నా దగ్గరున్న స్పోకులు దీనికి పొడవు బాబూ. సరిపోయేది ఉన్నా ఈ గేర్ల పళ్లు ఊడదీస్తే గానీ ఎక్కదు. ఊడదీసే పానా నా దగ్గర లేదు" అన్నాడు.

తర్వాత ఆయన చేసిన పని ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. విరిగిన స్పోకుకి అటూ ఇటూ ఉన్న ఎడమవైపు స్పోకుల్ని అరచుట్టు వదులు చేశాడు, పక్కనున్న కుడివైపు వాటిని కాస్త బిగించాడు. ఒక్కో స్పోకునీ బొటనవేలితో మీటి, చెవి దగ్గర పెట్టి వింటూ నలభై నిమిషాల్లో చక్రాన్ని మార్కాపురం దాకా నడిచేలా చేశాడు. ముప్పై రూపాయలు తీసుకున్నాడు. ఆ రోజు నా సైకిలుకి గేర్లు మార్చే కొత్త ఖరీదైన డీరైలర్ ఉంది. జేబులో పట్టే చిన్న పానా మాత్రం లేదు.

టూరింగ్ కోసం సైకిలు సిద్ధం చేసుకునేవాళ్లు ఎక్కువగా అడిగేవి డీరైలర్ గురించి, ఫ్రేము బరువు గురించి. నా అనుభవంలో డబ్బు పెట్టాల్సిన వరుస వేరు. వెనక చక్రం, టైర్లు, ఎక్కుడు గేరు, సీటు ముందు. మిగతావన్నీ తర్వాత. ధరలు నెలకోలా మారుతుంటాయి కాబట్టి అంకెలు ఇవ్వడం లేదు. ఏ పార్టు ఎవరికి నప్పుతుందో, దేనికోసం దేన్ని వదులుకోవాలో చెబుతాను.

## ఏ పార్టునైనా తూచే కొలతలు

నేను మొదట అడిగేది ఒకటే: ఇది పాడైతే, పాడైన చోట బాగవుతుందా? హైదరాబాద్‌లోనో విశాఖలోనో దొరుకుతుందా అని కాదు, ఒక మామూలు మండల కేంద్రంలో దొరుకుతుందా అని. అక్కడ దొరక్కపోతే దాని స్పేరు నా సంచిలో పట్టాలి. రెండూ కుదరకపోతే ఆ పార్టు ఎంత గొప్పదైనా నాకు వద్దు.

రెండోది, బరువు కింద నిలవడం. మనిషి 75 కిలోలు, సైకిలు 15, సామాను 15 వేసుకుంటే మొత్తం 105 కిలోలు. అందులో సగానికి బాగా పైనే వెనక చక్రం మీద పడుతుంది. ఆదివారం పొద్దున ఖాళీ సైకిలు తొక్కినప్పుడు బాగున్న పార్టు ఈ బరువుతో అయిదు రోజులు తొక్కితే ఎలా ఉంటుందో వేరే ఆలోచించాలి.

మూడోది ఒళ్లు. మోకాళ్లు, నడుము, అరచేతులు, కూర్చునే చోటు. టూరు మధ్యలో ఇంటికి వచ్చేసినవాళ్లలో సైకిలు పాడై వచ్చినవాళ్ల కన్నా ఒళ్లు మొరాయించి వచ్చినవాళ్లనే నేను ఎక్కువ చూశాను. ఖర్చు నాలుగో కొలత. దాన్ని చివర పెట్టడానికి కారణం, పై మూడింటినీ తీర్చే మార్పుల్లో చాలావరకు చవకవే కావడం.

## టైరు: ముందు సైజు, తర్వాత రకం

టైరు పక్కగోడ మీద చిన్న అక్షరాల్లో 37-622 లాంటి అంకె ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. బయట పిలిచే "26", "28" పేర్లను నమ్మి టైరు కొనకండి, ఈ రెండో అంకెను నమ్మండి.

| రిమ్ము కొలత | బయట పిలిచే పేరు | చిన్న ఊళ్లలో దొరకడం | నా మాట |
|---|---|---|---|
| 622 | 700సి, 29 | కష్టం, నగరాల్లో సులువు | తారు రోడ్డు టూర్లకు మొదటి ఎంపిక |
| 584 | 27.5, 650బి | ఎంటీబీలు (కొండదారి సైకిళ్లు) అమ్మే షాపుల్లో | గతుకుల దారులకు బాగుంటుంది |
| 559 | 26, రేంజర్ రకం | చాలాచోట్ల | మారుమూల దారులకు, పొట్టివాళ్లకు |
| 635 | 28 × 1½, పాత నల్ల సైకిలు | ఎక్కడైనా | 700సి రిమ్ముకి పట్టదు |

చివరి వరుస చూసి మోసపోయినవాళ్లు చాలామంది. షాపులో "28 టైరు ఉంది సార్" అంటారు, కానీ 635 టైరు 622 రిమ్ము మీద నిలవదు. ట్యూబు సంగతి వేరు. రబ్బరు సాగుతుంది కాబట్టి ఆ 28 × 1½ ట్యూబు మీ 700సి టైరులో అత్యవసరానికి పనికొస్తుంది, బైకు వాల్వు కోసం చేసిన పెద్ద కన్నం రిమ్ముకి ఉంటే.

అందుకే వాల్వు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. సన్న వాల్వుకి, అంటే ప్రెస్టాకి, రిమ్ములో 6.5 మిల్లీమీటర్ల కన్నం చాలు. బైకులకుండే ష్రేడర్ వాల్వుకి 8.5 కావాలి. మన దేశంలో టూరు చేసేవాళ్లకి ష్రేడరే మేలని నా గట్టి అభిప్రాయం. పెట్రోలు బంకులో, లారీ టైర్ల షాపులో, ఎక్కడ గాలి మిషను ఉన్నా పని జరిగిపోతుంది. ప్రెస్టా ఉంటే మార్చాల్సిన పని లేదు గానీ ఇత్తడి అడాప్టర్లు రెండు కొని ఒకటి వాల్వుకే బిగించి, ఒకటి పర్సులో ఉంచుకోండి.

ఇక రకం. మన రోడ్ల మీద పంక్చర్లు మూడు రకాలుగా వస్తాయి. హైవే అంచుల్లో పేలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నటి ఇనప తీగలు, పొలాల పక్కన సర్కారు తుమ్మ ముళ్లు, మట్టి దారుల్లో పల్లేరు కాయలు. వీటిలో తీగే పెద్ద టెన్షన్. వెంట్రుకంత సన్నగా, మూడు మిల్లీమీటర్ల పొడవుంటుంది. కంటికి కనపడదు, వేలికి తగలదు. ట్యూబు మార్చి బయల్దేరితే పది కిలోమీటర్లలో మళ్లీ అదే చోట పొడుస్తుంది. దానికో చిట్కా ఉంది. కాస్త దూది తీసుకుని టైరు లోపలి వైపంతా మెల్లగా రాయండి. తీగ ఉన్నచోట దూది పోగు చిక్కుకుంటుంది. పట్టకారుతో బయటి నుంచి పీకేయండి. నా రిపేరు డబ్బాలో దూది, ముల్లు పీకే పట్టకారు ఎప్పుడూ ఉంటాయి.

సైకిలుతో వచ్చిన మామూలు టైరు రెండు మూడు రోజుల ట్రిప్పుకి చాలు, అది 35 మిల్లీమీటర్ల వెడల్పు ఉండి, అరగకుండా ఉంటే. ష్వాల్బె మారథాన్ లాంటి టూరింగ్ టైరు వేస్తే పంక్చర్లు స్పష్టంగా తగ్గుతాయి, వేల కిలోమీటర్లు వస్తుంది. అదే కంపెనీ మారథాన్ ప్లస్‌లో అయిదు మిల్లీమీటర్ల మందంతో రక్షణ పొర ఉంటుంది. ముల్లు దాదాపు దిగదు, కానీ బరువు, తొక్కుతుంటే కాస్త మొద్దుగా ఉంటుంది, రిమ్ముకి ఎక్కించడానికి బొటనవేళ్లు నొప్పి పుడతాయి. నేనైతే వెనక ప్లస్, ముందు మామూలు మారథాన్ వేస్తాను. బరువు ఎక్కువ, పంక్చర్లు ఎక్కువ, విప్పడం కష్టం, మూడూ వెనక చక్రానికే కదా.

ట్యూబ్‌లెస్ గురించి చాలామంది అడుగుతారు. పల్లేరు కాయలకి దాన్ని మించింది లేదు, ఇరవై ముళ్లు దిగినా లోపల పోసిన సీలెంట్ ద్రవం కన్నాలు మూసేస్తుంది. కానీ మన ఎండలకి సీలెంట్ రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, మళ్లీ పోయాలి. టైరు ఒకసారి రిమ్ము నుంచి విడిపోతే చేతి పంపుతో మళ్లీ కూర్చోబెట్టడం కష్టం. ఊళ్లో పంక్చర్ షాపు అన్నకి బైకు ట్యూబ్‌లెస్ బాగా తెలుసు, సైకిలు ట్యూబ్‌లెస్ చాలామందికి కొత్త. వారాంతాల్లో పొలం గట్ల మీద తిరిగేవాళ్లకి మంచిదే. ఊరు కాని ఊళ్లో వారాలు తిరిగేవాళ్లకి నేను ట్యూబే చెబుతాను.

గాలి విషయంలో ఒక మాట. సామానుతో 40 మిల్లీమీటర్ల టైరుకి వెనక 55 నుంచి 60 పీఎస్ఐ, ముందు 45 చుట్టుపక్కల పెట్టి చూడండి. రాయిలా కొట్టిస్తే స్పీడు వస్తుందనుకుంటారు. వచ్చేది అరచేతుల తిమ్మిరి.

## వెనక చక్రం

ఈ భాగానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే టూరు ఆగిపోయేది ఎక్కువసార్లు ఇక్కడే.

గేర్లున్న వెనక చక్రంలో కుడివైపు క్యాసెట్‌కి, అంటే గేర్ల పళ్ల చక్రాల గుత్తికి, చోటివ్వాలి కాబట్టి కుడి స్పోకులు నిటారుగా, బాగా బిగువుగా ఉంటాయి. ఎడమవి ఏటవాలుగా, కాస్త వదులుగా ఉంటాయి. మెషీను మీద కట్టిన చవక చక్రాల్లో ఈ బిగువు ఒక్కో స్పోకుకి ఒక్కోలా ఉంటుంది. బరువు వేసి తొక్కినప్పుడు చక్రం తిరిగే ప్రతిసారీ వదులు స్పోకు వంగి లేస్తుంది. తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టు, వేల చుట్ల తర్వాత మెడ దగ్గర పుటుక్కుమంటుంది. అంటే స్పోకు విరగడానికి ఎక్కువసార్లు కారణం ఒకే గుంత కాదు, బిగువు సరిగా లేకపోవడం.

మీ ముందున్న దారులు మూడు.

ఉన్న చక్రాన్నే బాగుచేయించుకోవడం. మంచి మెకానిక్‌తో అన్ని స్పోకుల బిగువూ సరిచేయించి, బెండు తీయించి, 200 కిలోమీటర్లు తొక్కాక మళ్లీ ఒకసారి చూపించండి. 32 స్పోకులు ఉండి, మీరు 70 కిలోల లోపు, సామాను పది కిలోల లోపు అయితే ఇది సరిపోతుంది. దీనికయ్యే ఖర్చు ఒక టైరు ధర కూడా ఉండదు. దీన్ని మించిన లాభసాటి అప్‌గ్రేడ్ నాకు తెలియదు.

కొత్తగా 36 స్పోకుల వెనక చక్రం చేత్తో కట్టించుకోవడం. రెండు పొరల గోడ ఉన్న రిమ్ము, మధ్యలో సన్నగా చివర్లలో లావుగా ఉండే బట్టెడ్ స్పోకులు అడగండి. మధ్య భాగం సన్నగా ఉండటం బలహీనత కాదు. కుదుపు అక్కడ సాగి సర్దుకుంటుంది, మెడ మీద పడదు. మీరు 85 కిలోల పైన ఉన్నా, టెంటు, స్టవ్వు అన్నీ మోసుకెళ్లినా ఇదే దారి. ముందు చక్రం జోలికి వెళ్లకండి, దానిమీద పడే బరువు తక్కువ.

తేలికపాటి రెడీమేడ్ వీల్‌సెట్, అంటే కట్టి అమ్మే చక్రాల జత. ఇరవై, ఇరవై నాలుగు స్పోకులతో అందంగా ఉంటాయి, పందేలకి బాగుంటాయి. ఒక స్పోకు పోతే చక్రం ఎంతగా వంకరపోతుందంటే ఫ్రేములో తిరగకపోవచ్చు. టూరింగ్‌కి వద్దు.

చక్రం నడిమధ్య ఉండే హబ్బు గురించి కూడా చూసుకోవాలి. ఏడు గేర్ల సైకిళ్లలో చాలావాటికి క్యాసెట్ బదులు, హబ్బుకి మరలాగా తిప్పి బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. అందులో కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉండిపోవడం వల్ల ఇరుసుకి ఆ చివర ఆధారం ఉండదు. బరువుతో గతుకుల్లో ఇరుసు వంగడం, విరగడం దీనివల్లే. క్యాసెట్ హబ్బులో బేరింగు చివరిదాకా వస్తుంది. కొత్త చక్రం కట్టించుకుంటుంటే క్యాసెట్ హబ్బే తీసుకోండి. ఎనిమిది గేర్ల క్యాసెట్ హబ్బు మీద సన్న స్పేసరు వేసి ఏడు గేర్ల క్యాసెట్ పెట్టుకోవచ్చు కాబట్టి హ్యాండిలు మీద గేరు మార్చే షిఫ్టరు మార్చక్కర్లేదు.

ఏ దారి ఎంచుకున్నా సంచిలో ఉండాల్సినవి: మీ చక్రం కొలతకి సరిపోయే స్పేరు స్పోకులు (వెనక కుడి, ఎడమ కొలతలు వేరు), వాటిని రిమ్ముకి పట్టే నిప్పిళ్లు, స్పోకు కీ, క్యాసెట్ గానీ ఫ్రీవీల్ గానీ ఊడదీసే పానా. స్పోకుల్ని ఫ్రేము వెనక గొట్టానికి టేపు చుట్టి అంటిస్తే అవి ఉన్నాయన్న సంగతే మర్చిపోతారు. పానా తిప్పడానికి పెద్ద స్పానరు, పళ్లు తిరక్కుండా పట్టే చైను విప్ లారీ మెకానిక్ షెడ్డులో సర్దుబాటవుతాయి. గేరు పళ్లకి పాత చైను ముక్క చుట్టి పట్టుకున్నా చైను విప్ పని అయిపోతుంది.

## గేర్లు: పేరు కాదు, పళ్లు లెక్కపెట్టండి

గేర్ల కంపెనీ షిమానోలో టూర్నీ, ఆల్టస్, ఎసెరా, అలివియో, డియోర్ అని మెట్లుంటాయి. పై మెట్టుకి వెళ్తే గేరు మారడం నున్నగా ఉంటుంది, ఎక్కువ రోజులు మన్నుతుంది. ఘాట్ ఎక్కడం మాత్రం ఒక్క పిసరు కూడా సులువవదు. సులువు చేసేది ముందు పెడళ్ల దగ్గరి చిన్న పళ్ల చక్రం, వెనక క్యాసెట్‌లోని పెద్ద పళ్ల చక్రం, వాటికున్న పళ్ల సంఖ్య. నిమిషానికి 60 సార్లు పెడలు తిప్పితే 700 × 35 టైరుతో ఏ గేరులో ఎంత వేగం వస్తుందో చూడండి.

| ముందు × వెనక పళ్లు | ఎక్కడ కనిపిస్తుంది | గంటకు కి.మీ. |
|---|---|---|
| 34 × 28 | రోడ్డు సైకిలు | 9.5 |
| 28 × 28 | మామూలు హైబ్రిడ్ (రోడ్డు సైకిలుకీ ఎంటీబీకీ మధ్య రకం) | 7.8 |
| 40 × 42 | ముందు ఒక్క పళ్ల చక్రమే ఉన్నది | 7.4 |
| 28 × 34 | వెనక 34 పళ్లు వేసిన హైబ్రిడ్ | 6.4 |
| 22 × 34 | ఎంటీబీ క్రాంకు (పెడళ్లు, ముందు పళ్ల చక్రాలు ఉండే భాగం) | 5.0 |

ఎక్కేటప్పుడు తక్కువ వేగం వచ్చే గేరే మంచి గేరు. 105 కిలోల మొత్తం బరువుతో ఆరు శాతం ఎక్కుడు మీద గంటకు 9.5 కిలోమీటర్లు వెళ్లాలంటే భూమి లాగుడుని జయించడానికే 160 వాట్ల పైన కావాలి. 6.4 దగ్గర అయితే 110 చాలు. రోజూ సైకిలు తొక్కే మామూలు మనిషి గంటల తరబడి ఇవ్వగలిగేది వంద, నూట ఇరవై దరిదాపుల్లోనే. అంటే 34 × 28 గేరుతో విశాఖ–అరకు దారిలో ఎస్.కోట (శృంగవరపుకోట) దాటి అనంతగిరి ఘాట్‌లో అడుగుపెడితే రెండే మార్గాలు: పెడలు నిమిషానికి నలభై సార్లు ఈడుస్తూ మోకాళ్లు అరగదీసుకోవడం, లేదా దిగి తోయడం. అరకు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఎస్.కోట మైదానంలో ఉంది. ఆ తేడా అంతా ఒకే పొద్దున ఎక్కాలి.

చవక మార్పు: ఏడు గేర్ల ఫ్రీవీల్ ఉంటే 14–28 పళ్లది తీసేసి 14–34 పళ్లది వేయించండి. టూర్నీ డీరైలరే 34 పళ్లదాకా పడుతుంది, చైను మాత్రం కాస్త పొడవుది కావాలి. ఎనిమిది, తొమ్మిది గేర్ల వాళ్లు 11–34 క్యాసెట్ వేసుకోవచ్చు. రోడ్డు సైకిలు హ్యాండిలు ఉండి ఎంటీబీ డీరైలర్ వేయాలనుకుంటే, షిమానో ఎనిమిది, తొమ్మిది గేర్లలో రెండూ కలుస్తాయి. పది గేర్లకి వచ్చేసరికి కేబులు లాగుడు నిష్పత్తి మారిపోయింది, కలవవు. ముందు పళ్ల చక్రాలు చిన్నవి వేయాలంటే మీ క్రాంకు చూసుకోండి. బోల్టులతో బిగించినవైతే చిన్న పళ్ల చక్రం ఒక్కటే మార్చొచ్చు, రివెట్లు కొట్టినవైతే క్రాంకు మొత్తం మార్చాలి.

ఎన్ని గేర్లు? టూరింగ్‌కి ఎనిమిది లేదా తొమ్మిది అని నా ఎంపిక. చైను చవక, ఎక్కువచోట్ల దొరుకుతుంది, కేబులు కాస్త సాగినా గేరు పడుతూనే ఉంటుంది. పదకొండు, పన్నెండు గేర్లు ఉన్న మంచి సైకిలు మీ దగ్గర ఉంటే దాన్ని పాడుచేసి వెనక్కి వెళ్లక్కర్లేదు, స్పేరు చైను లింకులు, డీరైలర్‌ని ఫ్రేముకి పట్టే హ్యాంగరు ఒకటి సంచిలో వేసుకోండి. హ్యాంగరు ఫ్రేముకి ఫ్రేముకి మారుతుంది, దారిలో దొరకదు.

చైను అరుగుదల ఇంట్లో స్టీలు స్కేలుతోనే చూడొచ్చు. పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకి 24 పిన్నుల దూరం కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాలు. అది 12 మీద అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చే సమయం. ఎనిమిదో వంతు దాకా ఆగితే చైనుతో పాటు క్యాసెట్ కూడా పోయినట్టే.

## బ్రేకులు

రిమ్ము మీద పట్టే వీ-బ్రేకు, కేబులుతో లాగే డిస్కు, ఆయిలుతో నొక్కే హైడ్రాలిక్ డిస్కు. మీ ఫ్రేముకి, ఫోర్కుకి ఏది బిగించే చోటుందో అదే వాడుకోండి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారాలంటే చక్రాలతో సహా మార్చాలి, ఆ డబ్బుకి అంత ఫలితం రాదు.

వీ-బ్రేకుతో దిగుడు ఘాట్లలో జాగ్రత్త. బ్రేకు అలాగే పట్టుకుని దిగితే రిమ్ము కాలిపోయి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. గట్టిగా పట్టి, వదిలి, ముందూ వెనకా మార్చి మార్చి పట్టాలి. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటాక కృష్ణా నది వైపు దిగే మలుపుల్లో నేను రెండుచోట్ల ఆగి రిమ్ము తాకి చూస్తాను. వానాకాలం కోనసీమలోనో తీరం వెంటో తిరిగితే ఇసుక బురద రబ్బరుకి అంటుకుని రిమ్మునే అరగదీస్తుంది. అయినా బాగుచేయడం తేలికైనది ఇదే.

కొత్తగా కొనేవాళ్లకి నా ఓటు కేబులు డిస్కుకి. వానలో పట్టు బాగుంటుంది, చక్రం కాస్త వంకరపోయినా బ్రేకు పని చేస్తుంది, కేబులు తెగితే ఎక్కడైనా వేసుకోవచ్చు. రెండు వైపుల నుంచీ ప్యాడు కదిలే టీఆర్‌పీ స్పైర్ లాంటివి తీసుకుంటే సర్దుబాటు బాధ తగ్గుతుంది. హైడ్రాలిక్ బలానికి తిరుగులేదు, రెండు వేళ్లు చాలు, పాడవడం కూడా అరుదు. కానీ గొట్టం తెగితేనో గాలి చేరితేనో దగ్గర్లోని పెద్ద నగరం దాకా గతి లేదు. చేతుల్లో బలం తక్కువున్నవాళ్లు, కీళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం ఆ భయం పక్కనపెట్టి హైడ్రాలికే తీసుకోండి. ఏ డిస్కు అయినా స్పేరు ప్యాడ్లు రెండు జతలు ఉండాలి. ఒకే పెద్ద వానలో మెత్త ప్యాడు మాయమైపోతుంది.

## సీటు, హ్యాండిలు

సీటు మెత్తగా ఉంటే సుఖం అనుకోవడం మొదటి గంట వరకే నిజం. మెత్తటి స్పాంజిలో ఎముకలు దిగిపోయి, దిగకూడని చోట ఒత్తిడి పడుతుంది. కూర్చునే రెండు ఎముకలకీ సరిపోయే వెడల్పు, కాస్త గట్టితనం కావాలి. ఆడవాళ్లకి సాధారణంగా వెడల్పు ఎక్కువ కావాలి. సైకిలుతో వచ్చిన కంపెనీ సీటునే ముందు ఎత్తు, వాలు సరిచేసి వంద కిలోమీటర్లు తొక్కి చూడండి. అప్పటికీ నొప్పి ఉంటే ప్యాడింగ్ ఉన్న మంచి షార్ట్స్ కొనండి, ఆ తర్వాతే సీటు. జెల్ కవరు మాత్రం వద్దు.

బ్రూక్స్ బీ17 లాంటి తోలు సీటు కొన్ని వందల కిలోమీటర్లకి మీ ఒంటికి తగ్గట్టు అచ్చు పడుతుంది. అచ్చు పడ్డాక దానికి సాటి లేదు. కానీ తడిస్తే పాడవుతుంది, మన చెమటకీ వానకీ కవరు వేస్తూ తీస్తూ ఉండాలి. ఏడాదికి ఒక్క టూరు చేసేవాళ్లకి ఆ సేవ దండగ. ఏడాదంతా తొక్కేవాళ్లు కొనుక్కోవచ్చు.

హ్యాండిలు తిన్నగా ఉన్నది ఉంటే మార్చకండి, చివర్లకి కొమ్ముల్లాంటి బార్ ఎండ్లు బిగించండి. చేతులు పెట్టడానికి ఇంకో చోటు దొరుకుతుంది, అరచేతుల తిమ్మిరి సగం తగ్గుతుంది. రోడ్డు సైకిళ్లకుండే, కిందికి వంగిన డ్రాప్ హ్యాండిలుకి మారాలంటే బ్రేకు లీవర్లు, షిఫ్టర్లు అన్నీ మారతాయి. ఎదురుగాలిలో దాని సుఖం నిజమే, కానీ ఆ డబ్బుతో మంచి వెనక చక్రం వస్తుంది.

మన దగ్గర హైబ్రిడ్లకి ముందు వచ్చే చవక సస్పెన్షన్ ఫోర్కు తీసేసి గట్టి స్టీలు ఫోర్కు వేయడం చాలామందికి తోచని మంచి మార్పు. బరువు కిలోకి పైగా తగ్గుతుంది, ముందు క్యారియరుకి చోటు వస్తుంది. కొత్త ఫోర్కు పొడవు పాతదానితో సమానంగా ఉండాలి, లేకపోతే హ్యాండిలు తీరు మారిపోతుంది.

## సామాను

క్యారియరు మీద ఎన్ని కిలోలు పడుతుందో రాసి ఉంటుంది, మామూలు అల్యూమినియం వాటికి తరచు 25. రాసినదాంట్లో మూడింట రెండు వంతులు దాటకండి. విరిగేది ఎక్కువగా క్యారియరు కాదు, దాన్ని ఫ్రేముకి పట్టే బోల్టు. నాలుగు స్పేరు ఎం5 (5 మిల్లీమీటర్ల) బోల్టులు మస్టు. స్టీలు క్యారియరు బరువు కాస్త ఎక్కువైనా దారిలో వెల్డింగ్ షాపు కనపడితే బతుకుతుంది. అల్యూమినియం అతకడం అందరివల్లా కాదు. నెలల టూరుకి స్టీలు, వారం టూరుకి అల్యూమినియం.

పక్క సంచులు, అంటే పానియర్లు కొనేముందు వాటిని బిగించి పెడలు వెనక్కి తిప్పి చూడండి. మడమ సంచికి తగులుతుంటే ఫ్రేము వెనక భాగం పొట్టిదని అర్థం. అలాంటి సైకిలుకి సీటు వెనక, ఫ్రేము మధ్య కట్టే బైక్‌ప్యాకింగ్ సంచులే దారి. అవి తేలిక, గాలికి అడ్డురావు, కానీ అడుగునున్న చొక్కా తీయాలంటే అంతా విప్పాలి. ఆర్ట్‌లీబ్ లాంటి నీళ్లు దిగని సంచులు తరతరాలు మన్నుతాయి. అంత పెట్టలేకపోతే గుడ్డ పానియర్లు కొని లోపల యూరియా బస్తాల్లో వచ్చే ప్లాస్టిక్ కవరు వేయండి. తుపాను వానలో రెండు రోజులు తొక్కినా నా బట్టలు పొడిగా ఉన్నది ఆ కవరుతోనే.

లైటు, పెడలు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల్లో ప్రతి ధాబాలో కరెంటు ప్లగ్గు ఉంది, 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు చాలు, చక్రం తిరుగుతుంటే కరెంటు పుట్టించే డైనమో హబ్బు అక్కర్లేదు. వెనక ఎర్ర లైటు పగలు కూడా వేసే ఉంచండి. మన్ననూరు నుంచి అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు కాబట్టి శ్రీశైలం వెళ్లేవాళ్లు లైటు కన్నా ముందు టైము చూసుకోవాలి. పెడళ్లు వెడల్పుగా, పళ్లున్న ఫ్లాట్ పెడళ్లు. గుడి దగ్గర, టీ కొట్టు దగ్గర దిగి నడవాలి కదా.

## మీరెవరైతే ఏది

హైదరాబాద్–శ్రీశైలం, విశాఖ–అరకు లాంటి రెండు మూడు రోజుల ట్రిప్పులు, లాడ్జీలో బస అయితే: వెనక చక్రం బెండు తీయించండి, వెనక 34 పళ్లు వేయించండి, షార్ట్స్ కొనండి. ఇంకేమీ వద్దు. ఉన్న హైబ్రిడ్‌తోనే వెళ్లిరండి, ఏం ఇబ్బంది పెట్టిందో చూసి తర్వాత డబ్బు తీయండి.

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తీరం వెంట, లేదా 44వ నంబరు హైవే మీద కన్యాకుమారి దాకా రెండు మూడు వారాలు వెళ్లేవాళ్లు టూరింగ్ టైర్లు, చేత్తో కట్టిన వెనక చక్రం, మంచి క్యారియరు ఆ వరుసలో తీసుకోండి. తీరం వెంట ఎక్కుళ్లు తక్కువ, ఎదురుగాలి ఎక్కువ. కాబట్టి గేర్ల కన్నా బార్ ఎండ్లు, సీటు ముందు చూడండి.

మనాలి నుంచి లేహ్ దాకా వెళ్లేవాళ్ల లెక్క వేరు. నాలుగు వందల కిలోమీటర్ల పైన, తంగ్‌లాంగ్ లా 5,300 మీటర్ల ఎత్తు, మధ్యలో సైకిలు షాపు మీద ఆశ పెట్టుకోకూడదు. అక్కడికి 22 × 34 లాంటి గేరు, 40 మిల్లీమీటర్లకి తగ్గని టైరు, ఒక స్పేరు టైరు మడిచి పట్టుకెళ్లడం తప్పనిసరి. గాలి పలచనైన చోట మైదానంలో వచ్చే శక్తి రాదు. డైనమో హబ్బుకి విలువ ఉండేది ఇలాంటి దారుల్లోనే.

అయిదడుగుల రెండు అంగుళాలు, అంతకన్నా తక్కువ ఎత్తున్నవాళ్లు 700సి కోసం పట్టుబట్టకండి. చిన్న ఫ్రేములో పెద్ద చక్రం పెడితే మలుపులో బూటు ముందు చక్రానికి తగులుతుంది. మా అక్కయ్య 26 అంగుళాల చక్రాలకి మారాకే ఘాట్లలో ధీమాగా తొక్కుతోంది. పైగా ట్యూబు ఏ ఊళ్లోనైనా దొరుకుతోంది.

అమెరికాలోనో జర్మనీలోనో తొక్కే మనవాళ్లకి ష్రేడర్ గురించి నేను చెప్పినది వర్తించదు. అక్కడ ప్రెస్టా ట్యూబులు మామూలు షాపుల్లోనే దొరుకుతాయి. మీరు సెలవులకి వస్తూ బావగారి కోసం టూరింగ్ టైర్లు తెస్తుంటే మాత్రం కొనేముందు వాట్సాప్‌లో టైరు పక్కగోడ ఫోటో అడిగి ఆ రెండో అంకె చూడండి.

అన్నీ బిగించాక, బయల్దేరే రోజుకి కనీసం రెండు వారాల ముందు, మొత్తం సామానుతో ఒక రోజు అరవై డెబ్భై కిలోమీటర్లు తొక్కి రండి. ఇంటికి రాగానే క్యారియరు బోల్టులు, క్రాంకు బోల్టులు, హ్యాండిలు బోల్టులు మళ్లీ బిగించండి, ఒక్కటైనా కదిలి ఉంటుంది. తర్వాత సైకిలు తలకిందులు చేసి, వెనక చక్రంలో ఒకే వైపు స్పోకుల్ని ఒక్కొక్కటే బొటనవేలితో మీటండి. అన్నీ దాదాపు ఒకే శృతిలో పలకాలి. ఏదైనా బొంగురుగా పలికితే అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.